దయ్యపు కథలో అపరాధ పరిశోధకుడు

అపరాధ పరిశోధక కథలును, దయ్యముల కథలును మన యిండ్లలో మిక్కిలి ప్రీతితో జదువబడునవే. పగటి పని ముగిసి, పిల్లలు నిద్రించిన పిదప, దీపముకడ గూర్చుండి యే హత్యాకథనో పుటలు ద్రిప్పని గృహిణి యరుదు. అయినను ఈ రెండు విధములైన కథలకును స్వభావముచేతనే వైరము కలదు. మొదటిదానియందు తుదకు బ్రతి సంగతికిని హేతువు దొరకవలెను. దొరకనిచో చదువరికి దృప్తి లేదు. రెండవదానియందు హేతువు దొరకెనేని భయము నశించును. భయము నశించిన కథయే లేదు. ఒకదానికి దీపము ప్రాణము, రెండవదానికి జీకటి ప్రాణము. ఈ రెంటిని నొకచోట జేర్చి, యేదియు జెడకుండ నిలిపిన రచనలు చాల తక్కువ. అట్టి రచన యొకటి అమెరికా దేశమున బుట్టినది. అందలి పరిశోధకుని గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిని.

1971వ సంవత్సరమున విలియం పీటర్ బ్లాటీ యను నాయన ‘ది ఎగ్జార్సిస్ట్’ అను నవలను బ్రకటించెను. దయ్యమును వదలగొట్టువాడని యా పేరున కర్థము. దానిని విలియం ఫ్రీడ్కిన్ అను దర్శకుడు చలనచిత్రముగా దీయగా 1973 డిసెంబరు 26వ తేదీన నది అమెరికాలో విడుదలయ్యెను. చిత్రమునకు గావలసిన కథాసంభాషణలను బ్లాటీయే వ్రాసి, యందులకు ఆస్కారు బహుమానమును బొందెను. వాషింగ్టను నగరమునందలి జార్జిటౌను విశ్వవిద్యాలయమున దాను విద్యార్థిగా నున్న కాలమున, 1949లో, పొరుగుననున్న మేరీలాండు రాష్ట్రములో నొక బాలునికి దయ్యము పట్టెననియు, దానిని మతగురువులు వదలించిరనియు బత్రికలో బడిన వార్త యాయన మనస్సున నాటుకొనెను. ఆ విత్తనమే ఇరువది యేండ్లకు బైగా గడచిన పిదప నవలయై మొలకెత్తినది.

కథ యెరుగని సోదరీమణులకై సంగ్రహముగా జెప్పెదను. క్రిస్ మక్నీల్ అను సినిమా నటి, భర్తతో విడిపోయి, పండ్రెండేండ్ల కుమార్తె రీగనుతో గూడ జార్జిటౌనులో నొక యద్దె యింట గాపురముండును. రీగను సాధువైన పిల్ల. మట్టితో బొమ్మలు చేయుట దానికి వేడుక. కొన్ని దినములకు బిల్ల స్వభావము మారును. మంచము తనంత గదలును, నోట రాని మాటలు వచ్చును, గొంతు మారును. ఇట్టి సమయమున దల్లి యేమి చేసెనో గమనింపదగినది. ఆమె మొదట మంత్రగాండ్రను వెదకలేదు. డాక్టర్లకడకు దీసికొనిపోయెను. వారు మెదడును బరీక్షించిరి, సూదులు పొడిచిరి, ఎక్సురే చిత్రములు దీసిరి. ఏ దోషమును గనబడక, తుదకు వైద్యులే, యీ పిల్ల తనకు దయ్యము పట్టెనని నమ్ముచున్నది గావున దయ్యమును వదలించు తంతు చేసినచో నా నమ్మకముచేతనే గుణము కలుగవచ్చునని సలహా యిచ్చిరి. దైవమునందు నమ్మకము లేని యా తల్లి, డామియన్ కారస్ అను జెసూయిటు గురువు నాశ్రయించెను. ఆయన మానసిక వైద్యమును జదివినవాడు. తన నమ్మకమే సడలి బాధపడుచున్నవాడు.

ఈ నడుమ నొక మరణము సంభవించెను. క్రిస్ నటించు చిత్రమునకు దర్శకుడును, ఆమెకు మిత్రుడునైన బర్క్ డెన్నింగ్సు, ఒక రాత్రి యా యింట పిల్లకు గావలి యుండెను. ఆ యింటి ప్రక్కనుండి క్రింది వీధికి దిగు రాతిమెట్ల వరుస యొకటి కలదు. అవి 75 మెట్లు, మిక్కిలి నిటారైనవి. ఆ మెట్ల పాదమున డెన్నింగ్సు శవము కనబడెను. మెడ విరుగుటయే గాదు, తల పూర్తిగా వెనుకకు దిరిగియుండెను. త్రాగుబోతు గావున గాలు జారి పడెనని లోకమనుకొనును. అనుకొనని వాడొకడే, వాషింగ్టను పోలీసుశాఖలో హత్యల విచారణ చేయు లెఫ్టినెంటు విలియం కిండర్మన్. ఈ కిండర్మనుడే మన కథానాయకుడు.

ఈ పాత్రను ధరించినవాడు లీ జె. కాబ్ అను నటుడు. 1949లో ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ అను నాటకమున ముఖ్యపాత్రను బ్రథమమున ధరించి కీర్తి గాంచినవాడు. 1957లో వచ్చిన ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ చిత్రమున దుదివరకు బట్టు విడువని జూరీ సభ్యుడు. ఆ చిత్రమున మండిపడు ముసలివాడే యిచట మెత్తని మాటల మనిషియై కనబడును. లావుపాటి శరీరము, అలసిన కన్నులు, తొందర లేని నడక. మన మెరిగిన పరిశోధకులవలె నాతడు బూతద్దమును జేపట్టడు, మారువేషము వేయడు, తన తెలివిని దాను మెచ్చుకొనడు. సినిమాలన్న నాతనికి బ్రాణము. భార్యకు రాత్రులందు సినిమాకు వచ్చు నోపిక లేదట. కావున గనబడిన వారినెల్ల దోడు రమ్మని పిలుచును. చూచిన బొమ్మనుగూర్చి చర్చించు జతగాడు కావలెనని యాతని కోరిక. గురువైన కారసు పరుగెత్తి యలసి కూర్చున్నచోటికి బోయి, నీవు ఫలానా నటునివలె నున్నావని పొగడి మాట గలుపును. ఆ మాటలలోనే యొక చర్చిలో జరిగిన యపచారమును గూర్చియు, క్షుద్రవిద్యలను గూర్చియు, మతి చలించిన గురువులెవరైన నున్నారా యనియు మెల్లగా నడుగును. కారసు తనకడ జికిత్సకు వచ్చినవారి రహస్యములను జెప్పనిరాకరించును. పరిశోధకుడు కోపగించుకొనడు, సినిమాకు వత్తువాయని మరల నడిగి వెడలిపోవును.

ఈ చిత్రమున మంచము లేచుట, తల తిరుగుట మొదలగు భయంకర దృశ్యములను లోకమంతయు జెప్పుకొనును. కాని నా దృష్టికి సర్వోత్తమమైన ఘట్టము దయ్యము కనబడనిది. అది వంటయింటి ప్రక్కన, కాఫీ గిన్నెలముందు, తల్లియు బరిశోధకుడును మాటలాడు ఘట్టము. ఆతడు మర్యాదగా గూర్చుండి, యొక్కొక్క సంగతిని మెత్తగా జెప్పును. మెట్లమీద జారి పడినవాని మెడ విరుగవచ్చును గాని తల వెనుకకు దిరుగుట యరుదు. మిక్కిలి బలశాలియైన పురుషుడెవడో వానిని జంపి, మీ కుమార్తె గది కిటికీనుండి త్రోసియుండవచ్చును. ఆ రాత్రి డెన్నింగ్సు గదిలోనికి వచ్చినట్లు పిల్లకు జ్ఞాపకమున్నదేమో యడిగి చూడుడు. అంతియే. ఒక్క కఠినవాక్యము లేదు. అయినను వినుచున్న తల్లి ముఖమున రక్తము దిగిపోవును. ఆ రాత్రి యా గదిలో బిల్ల దప్ప మరియెవరును లేరని యామెకే తెలియును. మరికొంత కాఫీ పోయుదునా యని యామె యడుగును. దయచేసి పోయుడని యాతడనును. చేతులలోని వణుకును గప్పుకొనుటకు గృహిణికి మర్యాదకంటె వేరు శరణము లేదుకదా! మనలో నెందరము, గుండెలు పగులుచున్న వేళ, వచ్చినవారికి మంచినీళ్ళిచ్చి కుశలమడిగియుండలేదు?

వెడలుచు వాకిటికడ నిలిచి, మా యమ్మాయికొరకు మీ చేవ్రాలు గావలెనని యాతడడుగును. పేరేమని యామె యడుగగా, అబద్ధమాడితిని, నాకొరకే, మీరు నటించిన బొమ్మ నారుమార్లు చూచితినని సిగ్గుపడుచు నొప్పుకొనును. ఇది కేవలము హాస్యమునకై చేర్చినది కాదు. తాను నేరస్థలముగా ననుమానించుచున్న యింటి యజమానురాలిని ఆతడు ద్వేషింపడు. ఆతని కన్నులకామె యనుమానింపదగిన యిల్లాలు మాత్రమే కాదు, తన సాయంకాలములను వెలిగించిన నటియు నగును.

ఇక నాతని తర్కమును బరిశీలింతము. మన నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను జెప్పిరి. కొండమీద బొగ కనబడినచో నచట నిప్పుండవలెనని నిశ్చయించుట యనుమానము. పొగయున్నచోట నిప్పుండునను నియమమును, అనగా వ్యాప్తిని, ముందెరిగినవానికే యా నిశ్చయము సాధ్యము. కిండర్మనుకు బొగ కనబడుచునే యున్నది. శవము తీరు, కిటికీ, మెట్లు, మెట్లకడ దొరకిన మట్టిబొమ్మ తునక, ఆ యింట బిల్ల చేసిన మట్టిబొమ్మలు, అన్నియు నొకే గదివైపు వ్రేలు చూపును. కాని పండ్రెండేండ్ల పిల్ల చేతికి దృఢకాయుని మెడను ద్రిప్పు బలమున్నదను వ్యాప్తి యే శాస్త్రమునను లేదు, ఏ చట్టమునను లేదు. కావున నాతని బుద్ధి గడపవరకు వచ్చి యాగును. ఆగుట యాతని తప్పు కాదు. తాను చూడని దానిని జూచితిననుట, ఎరుగని దానిని నెరుగుదుననుట, ఇవియే తప్పు. ఆ తప్పును జేయకపోవుటవలననే చూచువారికి భయము నమ్మదగినదగుచున్నది. ప్రతి చప్పుడునకును దయ్యమని కేకవేయువాడు చెప్పిన కథకు మనము నవ్వుదుము. హేతువుకై యిల్లిల్లు వెదకినవాడు తుదకు మౌనము వహించినపుడు మనకు వెన్ను చలించును.

చిత్రమున లేని సంగతి యొకటి నవలయందు గలదు. పరిశోధకుని యనుమానము కొంతకాలము ఆ యింటి సేవకుడైన కార్లుమీద బ్రసరించును. ఆ రాత్రి యెచటనుంటివన్న ప్రశ్నకు వాడు నిజము చెప్పడు. వెంబడించి చూడగా దెలిసినదేమనగా, మత్తుమందులకు లోబడి చెడిన తన కూతుకడకు వాడు రహస్యముగా బోవుచున్నాడు. ఆ కూతురు చనిపోయినదని భార్యకు జెప్పి, ఆ దుఃఖమును దానొక్కడే మోయుచున్నాడు. హంతకుని వెదకబోయినవానికి దండ్రి దొరకెను. ఒకే కప్పుక్రింద నిద్దరు తలిదండ్రులు తమ బిడ్డలను లోకమునుండి దాచుచున్నారు. క్రిస్ యొకచోట, కార్లు వేరొకచోట. అపరాధమును వెదకువాడు ప్రతి తలుపు వెనుకను మొదట గాంచునది దుఃఖమే యని యీ భాగమువలన దెలియుచున్నది.

కథాంతమున వృద్ధుడైన ఫాదరు మెర్రిన్ దయ్యమును వదలించుచు గుండె యాగి మరణించును. కారసు దయ్యమును తనలోనికి రమ్మని పిలిచి, అది పిల్లను జంపకుండునట్లు కిటికీనుండి యా మెట్లమీదికే దుమికి ప్రాణములు విడుచును. పిల్లకు గుణమగును; జరిగినదేమియు దానికి జ్ఞాపకముండదు. కిండర్మన్ వచ్చుసరికి దయ్యమును లేదు, దయ్యమును వదలించినవారును లేరు. మిగిలినది ఏడ్చుచున్న పిల్లయు, పగిలిన కిటికీయు. పిల్లను బందీ చేయుటయు, న్యాయస్థానమున నిలుపుటయు మనకు గనబడవు. చట్టమునకు దండింపదగిన వాడెవడును మిగులలేదు. ఆతడు తరువాత జేసిన పని యొక్కటియే. చనిపోయిన కారసు స్నేహితుడైన ఫాదరు డయరును, సినిమాకు వత్తువాయని పిలిచెను. ఈ తుదిఘట్టమును 1973లో దొలగించిరి. 2000వ సంవత్సరమున విడుదలైన పొడిగించిన ప్రతిలో మరల జేర్చిరి. చేర్చుటయే యుక్తమని నా యభిప్రాయము.

ఏలయనగా, నవలయందు మెర్రిన్ చెప్పు మాటల సారాంశమిది: దయ్యము గురిపెట్టినది పట్టబడిన పిల్లను గాదు, చూచుచున్న మనలను. మనుష్యజన్మము నీచమైనదనియు, ఎవరి ప్రేమకును దాము తగమనియు మనచేత ననిపించుటయే దాని పని. ఇది నిజమైనచో, గురువుల మంత్రజలమునకు దోడు మరియొక విరుగుడును గలదు. అనుమానించుచున్నపుడును మనిషిని మనిషిగా జూచు చూపే యా విరుగుడు. ఆ చూపు కిండర్మనుకు బుట్టుకతో వచ్చినట్లున్నది. శవమును జూచి వచ్చినవాడు స్నేహితుని సంపాదించుకొనుటలో, ఇంటి గుట్టును వెదకువాడు తల్లి కన్నీటికి సమయమిచ్చుటలో, దయ్యము కోరిన నిరాశ యోడిపోవుచున్నది.

లీ జె. కాబ్ 1976లో మరణించెను. మరుసటి సంవత్సరము వచ్చిన రెండవ చిత్రమున గిండర్మన్ పాత్ర లేదు. బ్లాటీ యా పాత్రను మరువలేక 1983లో ‘లీజియన్’ అను నవలను వ్రాసి, దానిని దానే దర్శకుడై ‘ది ఎగ్జార్సిస్ట్ 3’ అను పేర 1990లో జిత్రముగా దీసెను. ఇందు గిండర్మన్ పక్క పాత్ర కాదు, నాయకుడే. ధరించినవాడు జార్జి సి. స్కాట్. పదునైదేండ్లు గడచినవి. ప్రతి సంవత్సరమును గారసు చనిపోయిన దినమున కిండర్మనును, ఫాదరు డయరును గలిసి సినిమాకు బోవుదురు. ఈ దినమున నాతడు దిగులుపడును, ఊరడింపవలెనని ప్రతివాడును రెండవవానిని గూర్చి యితరులకు జెప్పును! స్నేహమును గూర్చి యింతకంటె జక్కని హాస్యము నేనెరుగను.

ఈ చిత్రముననే మన గృహిణులు నవ్వక మానని ముచ్చట యొకటి గలదు. అత్తగారు వండుటకై తెప్పించిన కార్పుచేప యొకటి స్నానపు దొట్టిలో మూడు దినములనుండి ప్రాణముతో నీదుచున్నదనియు, తనకు స్నానము లేదనియు, అది నిద్రించినగాని యిల్లు చేరననియు గిండర్మన్ స్నేహితునితో మొరపెట్టుకొనును. నవ్వు ముగియకముందే మనకు దెలియునదేమనగా, ఆ దినముననే పండ్రెండేండ్ల బాలుని ఘోరహత్యను జూచి వచ్చినవాడాతడు. ఇంటికి బోలేకపోవుట చేపవలన గాదు.

ఇచట బరిశోధనయు మొదటి చిత్రముకంటె బిగువైనది. హత్యలపైనున్న గుర్తులు, పదునైదేండ్ల క్రిందట మరణశిక్ష పొందిన ‘జెమినీ’ యను హంతకునివి. ఎవడో యనుకరించుచున్నాడందుమా? ఆనాడు పోలీసువారు, చేయని నేరమును జేసితినని వచ్చు పిచ్చివారిని గనిపెట్టుటకై, పత్రికలకు బుద్ధిపూర్వకముగా దప్పు వివరములనిచ్చిరి. క్రొత్త హత్యలయందున్నవి పత్రికలోని గుర్తులు కావు, నిజమైన గుర్తులు. వ్రేలిముద్రలన్ననో యొక్కొక్క హత్యకడ నొక్కొక్కరివి. చేతులు వేరు, మనస్సు మాత్రమొక్కటే. విచారణ యాతనిని ఆసుపత్రిలోని మానసిక రోగుల భాగమునకు, అందు గారసు ముఖముతో గూర్చున్న యొక రోగికడకు దీసికొనిపోవును. ఈలోపల డయరుకూడ హత్యకు గురియగును. తుదకు గత్తెర కిండర్మను కూతు మెడవరకు వచ్చును. మంచివాడైన దేవుడు మరణమునేల సృష్టించెనని స్నేహితునితో వాదించిన యాతడు, ఆ స్నేహితునే పోగొట్టుకొనియు, తన పని మానడు. బ్లాటీ మొదట దీసిన ముగింపున దయ్యమును వదలించు తంతు లేదు. నిర్మాతలు పట్టుబట్టగా జేర్చెను. చేర్చిన పిదపను దుదిపని పరిశోధకునిదే. విడిపింపుమని స్నేహితుని గొంతు వేడగా, ఆతడు తుపాకి పేల్చి విడిపించును.

ఈ చిత్రములు పిల్లలకు దగినవి కావు. అమెరికాలోనే 17 ఏండ్లు నిండనివారు పెద్దల తోడులేక చూడరాదని నిర్ణయించిరి. పెద్దలలోను సుకుమార హృదయలు, గర్భవతులు మానుకొనుట మేలు. చూచువారు కథను గథగానే చూడవలెను. ఇంట నొక యాడుపిల్ల మాట తీరు మారినను, నిద్ర తప్పినను, ఊరక యేడ్చినను, చిత్రములోని తల్లివలె మొదట వైద్యునికడకే పోవలెను. వేపమండలతో గొట్టించుట, గదిలో బెట్టి తాళము వేయుట మొదలగు పనులవలన బోవునది దయ్యము కాదు, పిల్లకు మనపైనున్న విశ్వాసము.

లెఫ్టినెంటు కిండర్మన్ దయ్యమును బట్టుకొనలేదు. న్యాయస్థానమునకు హంతకునిని జూపలేదు. పరిశోధకుల లెక్కలో నాతడు గెలిచినవాడు కాడు. కాని యాతడు ప్రవేశించిన ప్రతి యింటను, అంతకుముందు లేని ధైర్యము కొంత మిగిలినది. అనుమానము మన యిండ్లలోనికిని వచ్చును. పనిమనిషిమీద, కోడలిమీద, ఎదిగిన పిల్లమీద. అనుమానించుట యొకప్పుడు తప్పదు. ఆ వేళ నెదుటివారి గిన్నెలో కాఫీ చల్లారకుండ మాటలాడుట యాతనికడ నేర్చుకొనదగిన విద్య.